నడి ఏట్లో ఆగే మోటరు

పెట్రోలు వాసన తగిలితే చాలామందికి తల తిరుగుతుంది. నాకు మాత్రం ఇప్పటికీ ప్రాణం కుదుటపడుతుంది. బస్సులో పక్కవాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటుంటే నేను హాయిగా ఊపిరి పీల్చుకుంటాను. ఈ ముసలిదానికి ఏం పుట్టిందని చూసేవాళ్లు చూడనీ. మంజీర ఒడ్డున నా కాపురం నిలబడింది ఆ వాసనలోనే.

మాది ధర్పల్లి వైపు, పసుపు పండించే ఇల్లు. మా దగ్గర నీళ్లంటే బావి నీళ్లే. బొక్కెన వేసి చేదుకోవడమే తప్ప నీళ్ల మీద కూర్చొని పోవడం నేనెరగను. అలాంటిదాన్ని తెచ్చి బోధన్ అవతల ఏటి ఒడ్డున ఇచ్చారు. అత్తగారి వాళ్లు తరతరాలుగా రేవులో పడవ నడిపేవాళ్లు. ఇవతల చెరకు తోటలు, దూరంగా చక్కెర ఫ్యాక్టరీ పొగగొట్టం. అవతలి ఒడ్డున కాలు పెడితే మాటంతా మరాఠీ. పిండి గిర్నీకీ వారం వారం అంగడికీ ఫ్యాక్టరీకీ జనం అటూ ఇటూ దాటుతూనే ఉండేవాళ్లు. నేను మాత్రం గిన్నెలు కడగడానికి మెట్టు దిగినా మోకాలి లోతు దాటి పోయేదాన్ని కాదు.

నేను కొత్తగా వచ్చినప్పుడు పడవ గడతోనే నడిచేది. మామ గడ వేసేవాడు, మా ఆయన తెడ్డు పట్టేవాడు. మా బావ, అత్త పెద్దకొడుకు, అంతకు ముందే బొంబాయి పోయాడు, మిల్లు పనికి. మొదట్లో ఏటా వచ్చేవాడట, తరువాత ఎప్పుడో ఒకసారి, ఆ తరువాత అదీ లేదు. అత్త ముందు బొంబాయి అనే మాట ఎత్తడానికి లేదు. గాజులమ్ముకునేది వచ్చి ఇవి బొంబాయి గాజులు అంటే గంప దించనిచ్చేది కాదు. మహాతల్లి, అంత పౌరుషం.

అరవైల మొదట్లో రేవును గుత్తకు పట్టిన ఆసామి ఎక్కడి నుంచో ఒక పాత మోటరు తెప్పించాడు. పడవ వెనుక చెక్కకు బిగించేది. కింద నీళ్లలో తిరిగే రెక్కలు, పైన ఒక చక్రం, చక్రం వెనకే పెట్రోలు డబ్బా, డబ్బాకు మర మూత. చక్రానికి తాడు చుట్టి గట్టిగా గుంజితే డబడబమని లేచేది. మా ఆయనకు దాని పనితనం తొందరగా పట్టుబడింది కనుక గుత్తాయన నెల జీతం మీద ఉంచుకున్నాడు. గడ మూలకు చేరింది, మామ వల అల్లుకుంటూ కూర్చున్నాడు. ఇక మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ మోటరు మీదే.

రేవులో వదిలేస్తే ఎవడైనా ఎత్తుకుపోతాడని మా ఆయన రోజూ సాయంత్రం దాన్ని విప్పి భుజాన వేసుకొని ఇంటికి తెచ్చేవాడు. ముందు గదిలో గోనెపట్టా మీద దాని పడక. రాత్రి మంచినీళ్లకు లేస్తే దాని రెక్కలే కాలికి తగిలేవి. తిట్టేదాన్ని. అత్తకు మాత్రం అది పసిపిల్లతో సమానం. ఎవరైనా వచ్చి మీ మోటరు బలే నడుస్తుందని అంటే చాలు, వాళ్లు గడప దాటగానే ఉప్పు తిప్పి పొయ్యిలో వేసేది. కొడుకు ఊళ్లో ఉన్నది దానివల్లేనని ఆమెకు తెలుసు మరి.

ఆ ఏడు దసరాకు అత్త దానికి పూజ మొదలుపెట్టింది. కత్తికీ గొడ్డలికీ వలకూ పెట్టినట్టే మోటరుకూ పెట్టాలని. మా ఆయన దాన్ని తుడిచి, కడిగి పీట మీద నిలబెట్టాడు. అత్త మా పుట్టింటి పసుపు తీసింది. తడి ఆరితే రాలిపోతుందని నువ్వుల నూనెతో ముద్దగా కలిపింది. ఎక్కడ పెట్టాలా అని దాని చుట్టూ తిరిగి, డబ్బా మూతే దీని నెత్తి అని తేల్చింది. మూత నడిమధ్యన రూపాయి బిళ్లంత పసుపు మెత్తి, బొటనవేలితో అదిమి, దాని మీద కుంకుమ పెట్టింది. చేతులు జోడించి పైకే అన్నది:

"నా చిన్నోన్ని నా కండ్ల ముంగట ఉంచు తల్లీ. వీన్ని సుత బొంబాయి పట్టియ్యకు."

ఇన్నాళ్లకు ఆమె నోట ఆ ఊరి పేరు విన్నాను. మామ వల పక్కన పెట్టి తనూ ఒక దండం పెట్టాడు.

మర్నాడు జమ్మి ఆకు పట్టుకొని చుట్టాలిళ్లకు పోయేవాళ్లతో పడవ నిండింది. వానలు అప్పుడే వెనక్కి తగ్గాయి, ఏరు ఇంకా నిండుగానే ఉంది. మోటరు మొదటి గుంజుకే లేచింది. నడి ఏట్లోకి పోయాక రెండు మూడు సార్లు దగ్గి ఆగిపోయింది. మా ఆయన ఎన్నిసార్లు తాడు గుంజినా ఉలకదు పలకదు. డబ్బా నిండా పెట్రోలు పోసే బయలుదేరాడు, అది అయిపోయిందనుకోవడానికి లేదు. పడవ కిందికి కొట్టుకుపోతుంటే ఆడవాళ్లు పెడబొబ్బలు. చివరకు పడవ మూలన ఉన్న పాత గడ వేసి ఎక్కడో దిగువన ఒడ్డుకు చేర్చాడు. జనం తిట్టుకుంటూ దిగారు. వాళ్లు దిగాక ఊరికే తాడు గుంజి చూశాడట, ఏమీ ఎరగనట్టు డబడబమని లేచింది.

తిరుగు ప్రయాణంలో మళ్లీ అంతే. ఒడ్డున బంగారంలా నడుస్తుంది, నడి ఏట్లో చస్తుంది. ఇదేం మోటరమ్మా, మనిషిని చూసి ఆటలాడుతుందా?

మా ఆయన మనసులో కరెంటు లోపమేనని పడింది. నిప్పు పుట్టించే ప్లగ్గు ఊడదీశాడు. నూనె పొగకు నల్లబారి ఉంది. ఉప్పు కాగితంతో రుద్ది తళతళలాడించి, తడి ఉంటుందేమోనని నా పొయ్యి నిప్పుల మీద పెట్టి కాల్చాడు. అప్పుడే పెనం మీద జొన్న రొట్టె ఉంది. ఆ పూట రొట్టెలన్నీ పెట్రోలు కంపే. నోటికి వచ్చినట్టు అన్నాను. ఆయన వినలేదు. కాలిన ప్లగ్గుకు తీగ తగిలించి, మోటరు ఇనుముకు ఆనించి పట్టుకొని నన్ను తాడు గుంజమన్నాడు. గుంజాను. నీలంగా నిప్పు చిటుక్కుమంది, ఆయన చేతికి షాకు కొట్టి ఎగిరి రెండడుగులు వెనక్కి పడ్డాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకు నవ్వు రాలేదు. నిప్పు ఇంత బాగా వస్తుంటే నడి ఏట్లో ఏం రోగమని తల పట్టుకున్నాడు.

మరునాడు పైచక్రం విప్పాడు. లోపల కరెంటు పుట్టించే మాగ్నెటోకు చెమ్మ పట్టిందేమోనని గుడ్డతో ఒత్తి ఎండలో పెట్టాడు, పాయింట్లు గీకాడు. తీసుకుపోతే నడి ఏట్లో ఆగింది. సరే, కరెంటు కాదు, పెట్రోలులో నీళ్లు కలిశాయన్నాడు. నా మెత్తటి చీర ఒకటి చింపి పెట్రోలంతా వడగట్టాడు. చిటికెడు మట్టి తప్ప ఏమీ లేదు, చీర పోయింది. కార్బురేటరు విప్పి అందులోని సన్న రంధ్రాన్ని నోటితో ఊదాడు. రెండు రోజులు అన్నం రుచి తెలియలేదని చెప్పాడు. అయినా నడి ఏట్లో ఆగింది. డబ్బా లోపల కడిగాడు, గొట్టం కడిగాడు, బయటంతా పెట్రోలు గుడ్డతో తుడిచాడు. మూత మీది బొట్టు దగ్గరికి వచ్చేసరికి గుడ్డ దాని చుట్టూ తిప్పి పక్కకు పోయేవాడు. పూజ బొట్టు దానంతట అది రాలిపోవాలి తప్ప చేత్తో చెరపకూడదు కదా. నేను కూడా పక్కన నిలబడి, బొట్టు పైలం అనేదాన్ని.

ఇక లాభం లేదని గోనెపట్టాలో చుట్టి బస్సు మీద నిజామాబాదు తీసుకుపోయాడు. గంజ్ బజారు దగ్గర ఒక మెకానిక్కు ఉండేవాడు. అతను మూత తీసి పెట్రోలు వాసన చూసి, మూత బల్ల మీద పెట్టి, మోటరును నీళ్ల పీపాలో దించి తాడు గుంజాడట. చాయ తెప్పించుకొని తాపీగా తాగి, ఒక బీడీ కూడా కాల్చేదాకా ఆగకుండా నడిచిందట. మోటరుకు ఏమీ కాలేదు, నడిపేవాడికే చేతకాదని నవ్వి పంపించాడు. ఆ మాట మా ఆయనకు ఎక్కడో తగిలింది. ఇంటికి వచ్చి అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

అప్పటికి చెరకు నరికే కూలీలు ఆవలి నుంచి దిగే రోజులు వచ్చాయి. ఫ్యాక్టరీ గానుగ మొదలైతే రేవుకు ఊపిరాడదు. గుత్తాయన మా వాకిట్లోకి వచ్చి కూర్చోకుండానే మాట్లాడాడు.

"అంగడి నాడు నేనే ఎక్కుత. నడిమిట్ల ఆగిందంటే ఇగ నీ పని అయిపోయినట్టే. నాందేడు నుంచి మోటరు తెలిసినోన్ని తెచ్చుకుంట."

మా ఆయన తల ఊపాడు, అంతే. గుత్తాయన పోయాక నాతో మెల్లగా అన్నాడు: "అన్న తానకు పోత ఇగ. మిల్లుల ఏదన్న పని దొరుకకపోదు." నన్ను తరువాత తీసుకుపోతానన్నాడు. బావ కూడా తన పెళ్లానికి, నా తోడికోడలు అక్కకు, అదే చెప్పాడని, అక్క పుట్టింటికి పోయి ఇప్పటికీ ఎదురుచూస్తోందని నాకు తెలియదా? లోపల చాట చప్పుడు ఆగిపోయింది. బియ్యం చెరుగుతున్న అత్త అంతా విన్నది. బయటికి మాత్రం రాలేదు.

అంగడికి ముందు రోజు మధ్యాహ్నం మా ఆయన మోటరు భుజాన వేసుకొని చివరిసారి చూసి వస్తానన్నాడు. నేనూ వస్తానన్నాను. ఆయన నమ్మలేదు. నీళ్లంటే భయపడేదానివి నీకెందుకన్నాడు. నాకే తెలియదు ఎందుకో. నా మనిషిని నాకు దూరం చేస్తున్నది ఏమిటో నా కళ్లతో చూడాలనిపించింది. చెంగు బిగించి పడవలో నడుమ కూర్చొని రెండు అంచులూ పట్టుకున్నాను. కళ్లు మూసుకున్నాననే చెప్పాలి.

మోటరు చక్కగా లేచింది. ఒడ్డు దూరమైంది. ఇక ఇప్పుడు, ఇక ఇప్పుడు అనుకుంటుండగానే దగ్గింది, ఆగింది. చప్పుడు పోయి నీళ్ల గలగల ఒక్కటే మిగిలింది. మా ఆయన తాడు కూడా గుంజలేదు. చేతులు ఒళ్లో పడేసి కూర్చున్నాడు. ఆ మొహం చూసి నాకు భయం పోయి కోపం వచ్చింది. ఏదో ఒకటి చేయమనాలి, ఏం చేయమనాలో తెలియదు.

"పెట్రోలన్న ఉన్నదా సూడు" అన్నాను.

నిండా పోశానని విసుక్కుంటూనే మూతకు చెయ్యి వేశాడు. అది బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులతో పట్టి తిప్పాడు. మర వదులైందో లేదో, సుయ్ మని గాలి లోపలికి గుంజుకున్న చప్పుడు వచ్చింది.

ఆ చప్పుడు నాకు కొత్త కాదు. గ్యాసునూనె డబ్బాకు ఒక్కటే చిల్లు కొట్టి వంచితే కొంచెం కారి ఆగిపోతుంది. రెండో చిల్లు కొట్టామా, ముందు సుయ్ మని గాలి తీసుకొని తరువాత ధారగా పోస్తుంది. వంటింట్లో తిరిగేవాళ్లందరికీ తెలిసిన సంగతే. ఆ మాటే అన్నాను, దీనికి గాలి చిల్లు లేదా అని. ఆయన చప్పున మూత తిరగేశాడు. లోపలి వైపు సూది మొనంత రంధ్రం ఉంది. మోటరు వచ్చిన రోజే దాన్ని చూశానని, ఎప్పుడూ దాని జోలికి పోవాల్సిన పని పడలేదని అన్నాడు. మూతను ఎండకు ఎత్తి చూశాడు, వెలుతురు రాలేదు. పై వైపు తిప్పాడు. రంధ్రం ఉండాల్సిన చోట మా అత్త బొట్టు, నూనె పసుపు ఎండి రాయిలా గట్టిపడి ఉంది.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. గాలి పోయే దారి మూసుకుపోతే పెట్రోలు కిందికి దిగదు. కాసేపు ఆగితే ఎక్కడి సందులోంచో గాలి చేరి మళ్లీ నడుస్తుంది. నిజామాబాదులో మూత పక్కన పెట్టి నడిపాడు, ఆగకుండా నడవక ఏమవుతుంది! అంతా ఒక్కసారిగా అర్థమైంది. దొరికింది. కానీ తీసేదెవరు? ఆయన మూత నా వైపు చాచాడు.

"నువ్వు తియ్యి."

"నేనెందుకు తీస్త? మీ అవ్వ పెట్టిన బొట్టు."

"పసుపు మీ ఇంటిదే గద."

పడవ కొట్టుకుపోతోంది, మేమిద్దరం దాని మీద వాదులాడుకుంటున్నాం. చివరకు నేనే ఏటికి దండం పెట్టి, గంగమ్మా ఇది చెరపడం కాదు, గాలికి దారి ఇవ్వడమేనని చెప్పుకొని, పుస్తెల తాడుకున్న పిన్నీసు తీశాను. కుంకుమ నడుమ గుచ్చి అటూ ఇటూ తిప్పాను. పసుపు పొడి పొడిగా రాలింది. మా ఆయన మూత ఎత్తి పట్టాడు. నక్షత్రమంత వెలుతురు.

తాడు గుంజాడు. మోటరు లేచింది. నడి ఏరు దాటాం, ఆగలేదు. అవతలి ఒడ్డుకు పోయి పడవ ఆపకుండానే తిప్పాడు, మళ్లీ ఇవతలికి, మళ్లీ అవతలికి. ఆయన పెద్దగా నవ్వుతున్నాడు, మోటరు చప్పుడులో వినబడకపోయినా కనబడుతోంది. అంచులు పట్టుకున్న నా చేతులు ఎప్పుడు వదిలేశానో తెలియదు. గుండెల మీది బండ దిగిందంటారే, నిజంగా అలాగే ఉంది. కళ్లనుండి నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. పెట్రోలు వాసన నాకు నచ్చింది ఆ రోజే.

ఒడ్డుకు వస్తూ అత్తకు చెప్పకూడదని అనుకున్నాం. కొడుకును ఉంచమని పెట్టిన బొట్టే కొడుకును పంపించబోయిందని తెలిస్తే ఆ మనిషి తట్టుకోదు. చిన్న మట్టి అడ్డం పడిందని, తీసేశామని చెప్పాం. ఆమె సరేనంది. ఆ సాయంత్రం కాలిలో ముల్లు దిగిందని నా పిన్నీసు అడిగి తీసుకొని, దీపం దగ్గర చాలాసేపు కూర్చొని తీసుకుంది.

అంగడి నాడు గుత్తాయన పడవ ముందు భాగంలో చేతులు కట్టుకొని కూర్చున్నాడు. కూలీల సామాన్లు, మేకలు, పిల్లలు, పడవ అంచుల దాకా నిండింది. అత్తా నేనూ ఒడ్డున నిలబడ్డాం. పడవ నడి ఏట్లోకి పోతుంటే అత్త నా మణికట్టు పట్టుకుంది. గాజులు చిట్లుతాయేమో అన్నంత గట్టిగా పట్టుకుంది. చప్పుడు ఆగలేదు. సన్నబడింది, దూరమైంది, కానీ ఆగలేదు. అప్పుడు నేను, నీ పసుపే కాపాడింది అత్తా అన్నాను. మామూలుగా అయితే ఆ మాటకు ఊరంతా చాటింపు వేసే మనిషి. ఆ రోజు మాత్రం ఏటి వైపే చూస్తూ నిలబడింది. గుత్తాయన తిరిగి వచ్చి దిగుతూ మా ఆయన భుజం తట్టి, రేపు పొద్దున తొందరగా రమ్మన్నాడు. నాందేడు మాట మళ్లీ ఎత్తలేదు.

ఏడాది తిరిగి దసరా వచ్చింది. అత్త పసుపు గిన్నె పట్టుకొని లేచేసరికి మా ఆయనా నేనూ తలుపు చాటుకు జరిగాం. మూత ముందే తీసి దాచేయమన్నాను. అది లేకపోతే అడగదా అన్నాడు ఆయన. మేమిలా గుసగుసలాడుతుండగానే అత్త మోటరు ముందు కూర్చుంది. వేలు పసుపులో ముంచింది. మూత దాకా తీసుకుపోయి ఆపింది. చేయి కిందికి దించి మోటరు పక్క భాగాన, పిడి దగ్గర ఒక్క చిన్న బొట్టు పెట్టింది. మిగిలిన పసుపుతో లేచి కొడుకు దగ్గరికి వచ్చింది.

నా పిన్నీసు కళ్లలో మెదిలింది. దాని మొనకు అంటిన పసుపు, పెట్రోలు వాసన. దీపం దగ్గర అంతసేపు కూర్చున్నది ముల్లు కోసం కాదు. ఏడాది పొడుగునా ఆమె ఆ సంగతిని కడుపులో పెట్టుకొని తిరిగింది.

అత్త కొడుకు నొసటన బొట్టు పెట్టింది. చేయి తీయలేదు.

"నా చేతులతోనే నిన్ను బొంబాయి బండి ఎక్కిస్తుంటిని గదరా" అంది.

మా ఆయన ఆ చేయి పట్టుకొని తన చెంపకు ఆనించుకున్నాడు. చెంపంతా పసుపు అయింది.

"ఎక్కలే కదనే అవ్వా. ఈడనే ఉన్న."

ఆ తరువాత మోటరు భుజానికి ఎత్తుకొని రేవుకు పోయాడు. కాసేపటికి ఏటి వైపు నుంచి డబడబ చప్పుడు వచ్చింది. అత్త గడపలో కూర్చొని, అది నడి ఏరు దాటేదాకా విని, లేచి పొయ్యి ముట్టించింది.